సముద్రం లేని ఊళ్లో తాజా చేప



రెండువేల ఏళ్ళ కిందట స్ట్రాబో అనే గ్రీకు పండితుడు తన భూగోళ గ్రంథంలో ఒక ముచ్చట రాసిపెట్టాడు. ఇయాసస్ అని సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఇవాళ అది టర్కీ దేశంలో ఉంది గాని, ఆ రోజుల్లో గ్రీకులు కాపురమున్న ఊరు. అక్కడి నేలలో సారం తక్కువ, అంచేత ఊరంతా చేపల మీదే బతికేదట. ఒకనాడు ఆ ఊళ్లో ఒక సంగీత విద్వాంసుడు కచేరీ చేస్తున్నాడు. జనం కుదురుగా కూర్చుని వింటున్నారు. ఇంతలో చేపల బజారు గంట మోగింది. అంతే, ఉన్నవాళ్ళు ఉన్నట్టే లేచి పరుగు తీశారు. ఒక్క మనిషి మాత్రం కదల్లేదు. విద్వాంసుడు ఎంతో సంతోషించి ఆయన దగ్గరికి వెళ్ళి, "అయ్యా, గంట వినగానే అందరూ పోయినా, నా సంగీతం మీద గౌరవంతో తమరొక్కరే ఉండిపోయారు" అన్నాడు. పాపం ఆయనకు చెవుడు. "ఏమన్నారూ, గంట కొట్టేశారా?" అని, ఆయనా లేచి బజారుకు పోయాడట.

సముద్రం వాకిట్లో ఉన్నవాళ్ళకే తాజా చేప కోసం అంత ఆరాటమైతే, సముద్రం మొహమే చూడని మన హైదరాబాదు మాట ఏమిటి? మనకు దగ్గరి సముద్రం బాపట్ల వైపు. రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లకు పైనే. అయినా అమీర్‌పేటలోనూ పంజాగుట్టలోనూ ఆదివారం పొద్దున ఏ మేడ మెట్లు ఎక్కినా పులుసు వాసన తగులుతూనే ఉంటుంది. ఆ చేప ఎక్కడిది, ఎప్పటిది, అసలు మన ఊరివాళ్ళు 'తాజా' అని దేన్ని అంటూ వచ్చారు అన్నది ఇవాళ్టి మన ముచ్చట. చరిత్ర అనగానే రాజులూ యుద్ధాలే కానక్కర్లేదు. మన గిన్నెల్లోకి వచ్చినదానికీ చరిత్ర ఉంటుంది గదా.

గోల్కొండ నవాబుల రేవుపట్నం పేరు చూడండి, మచిలీపట్నం! పేరులోనే చేప. అక్కడినుంచి కలంకారీ బట్టలు, వజ్రాలు దేశదేశాలకు పోయేవి, ఓడల్లో దిగిన సరుకు గోల్కొండకు వచ్చేది. అయితే ఆ దారిన ఎద్దుబండి రోజంతా నడిచి ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్లు పోతే గొప్ప. అంటే రాజధానికి చేరడానికి దగ్గర దగ్గర పదిహేను రోజులు. ఎండాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. పదిహేను రోజుల ప్రయాణానికి ఏ చేప ఆగుతుంది? ఉప్పుపట్టి ఎండబెట్టింది తప్ప మరొకటి ఆగదు. కాబట్టి గోల్కొండలో సుల్తానుగారైనా సరే, బందరు సముద్రపు చేపను ఎండుచేపగానే చూసి ఉండాలి. మనం ఇవాళ కొట్టులో పొట్లం కట్టించుకునే నెత్తళ్ళు, సొర ముక్కలు ఆ పాత దారికి గుర్తులే అనుకోండి. ఎండుచేపను నీచంగా చూసేవాళ్ళను నేను చాలామందిని చూశాను. లోపలి ఊళ్లవాళ్ళకు వందల ఏళ్ళపాటు సముద్రం రుచి చూపించింది అదొక్కటే.

చార్మినార్ ముందు నాలుగు కమాన్లున్నాయి. 1592 ప్రాంతంలో కట్టినవి. అందులో ఒకదాని పేరు మచ్లీ కమాన్. చేప శుభానికి గుర్తు. మొగలాయీ దర్బారులో గొప్పవాళ్ళకు ఇచ్చే 'మాహీ మరాతిబ్' అనే బిరుదు చిహ్నం కూడా చేపదే. ఇలా కమాను మీదా జెండా మీదా చేపకు పెద్దపీట వేసిన ఊళ్లో, దస్తర్‌ఖాను మీద మాత్రం మాంసానిదే రాజ్యం. హైదరాబాదు వంట అనగానే బిర్యానీ, హలీం, మరగ్ అంటారు గాని చేప పేరు వెనకెక్కడో వస్తుంది. దానికి కారణం రుచి కాదనీ, దారి దూరమనీ నాకనిపిస్తుంది.

అయితే ఇక్కడివాళ్ళు తాజా చేప తిననే లేదా అంటే, శుభ్రంగా తిన్నారు. సముద్రపు చేప కాదు, చెరువు చేప. ఈ దక్కను నేల చెరువుల నేల. కాకతీయుల కాలంలో తవ్వించిన రామప్ప, లక్నవరం, పాఖాల చెరువులు ఇప్పటికీ నీళ్ళతో ఉన్నాయి. అంతకంటే ముందు, పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 'మానసోల్లాసం' అని ఒక సంస్కృత గ్రంథం రాశాడు. ఆ కల్యాణి ఇవాళ కర్ణాటకలో బీదరు జిల్లాలోని బసవకల్యాణ్, సముద్రానికి ఎంతో దూరం. అయినా ఆ రాజు రాజుల వినోదాలన్నీ చెబుతూ చేపలు పట్టడానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ఏ చేపకు ఏ మేత వేయాలి, గాలం ఎలా కట్టాలి, ఏది ఏటిది, ఏది సముద్రంది, అన్నీ ఉన్నాయి అందులో. వంటల సంగతీ వేరే ఉంది. చేప వండడం రాజుగారి పుస్తకంలోకి ఎక్కిన విద్య అన్నమాట.

మన పంజాగుట్టకు రెండు మూడు కిలోమీటర్లలో ఉన్న హుస్సేన్ సాగర్ కూడా అలాంటి చెరువే. 1562, 63 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించాడు. అప్పటికి హైదరాబాదు అనే ఊరే పుట్టలేదు. ఊరికంటే చెరువు ముప్ఫై ఏళ్ళు పెద్దది. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చి ఊరు ఊరంతా కొట్టుకుపోయిన తరువాత గండిపేట చెరువు, అదే ఉస్మాన్ సాగర్ 1920లోనూ, హిమాయత్ సాగర్ 1927లోనూ తయారయ్యాయి. అవి రాకముందు పట్నానికి హుస్సేన్ సాగర్ నీళ్ళు ఒక ఆధారం. తాగే నీళ్ళున్న చోట తినే చేపా ఉంటుంది. చెరువుల్లో వలవేసి బతికే గంగపుత్రుల కుటుంబాలకు ఆ చేప అన్నం పెట్టింది. మగవాళ్ళు వల లాగేవాళ్ళు, ఆడవాళ్ళు గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఐసు లేదు, రైలు లేదు. చెరువు దగ్గరే ఉన్నా వల లాగిన దగ్గరనుంచి గంప మీ వాకిట్లోకి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. బొచ్చె అయినా శీలావతి అయినా నీళ్ళలోంచి తీసిన కాసేపటికే చచ్చిపోతుంది, ఎండలో ఇంకో గంటకు మెత్తబడుతుంది. మరి తాజాగా అమ్మడం ఎలా? దానికి మన చెరువులే ఒక ఉపాయం ఇచ్చాయి. అదే కొర్రమీను. తెలంగాణలో కొర్రమట్ట అంటారు. ఈ చేపకు మొప్పలతో పాటు గాలి పీల్చుకునే ఏర్పాటు కూడా ఉంది. నీళ్ళలో ఉన్నా మధ్య మధ్య పైకి వచ్చి గాలి మింగి పోవాలి, లేకపోతే బతకదు. చెరువు ఎండిపోతే బురదలో దూరి వానదాకా కాచుకుని ఉంటుంది. అందువల్ల కుండలో నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి, మూత ఓరగా పెట్టి తీసుకుపోతే గంటలకొద్దీ బతికే ఉంటుంది. పొరుగూరి అంగడికి మోసుకుపోయినా మూత తీస్తే ఎగిరి పడుతుంది.

నేను పుట్టింది పశ్చిమ గోదావరి జిల్లాలో. పెళ్ళయి అమీర్‌పేటకు వచ్చిన కొత్తల్లో, అన్ని చేపల్లోకీ కొర్రమీనుకే ఇక్కడ అంత ధర ఎందుకని ఆశ్చర్యంగా ఉండేది. రుచి మంచిదే, ముళ్ళు తక్కువే, పిల్లలకు పెట్టడానికి భయం లేదు. అయినా పులస తిన్న నోటికి అంత గొప్పగా తోచలేదు. మా పక్కింటి వదినగారిది కరీంనగర్ వైపు. ఆవిడ ఒకే మాటతో తేల్చేశారు. "ప్రాణం ఉన్నదాన్ని ఎదురుంగ కోపిచ్చి తెచ్చుకుంటం వదినా, ఇగ తాజాదా కాదా అని అడిగే పనేముంటది?" సముద్రం లేని ఊళ్లో తాజా అంటే ప్రాణం ఉండడమే. ఒడ్డుననున్నవాళ్ళు కన్నూ మొప్పా చూసి తాజాదనం పోల్చుకుంటే, ఇక్కడివాళ్ళు కదులుతోందా లేదా అని చూస్తారు. కొర్రమీనుకు తెలంగాణ రాష్ట్ర చేప అనే గౌరవం ఊరికే రాలేదు.

మృగశిర కార్తె నాడు చూడాలి ఈ ఊరి తమాషా. జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది కార్తె. రోహిణి ఎండలు పోయి మొదటి చినుకులు పడే వేళ. ఆ రోజు చేప తింటే వానాకాలపు జబ్బులు దగ్గరికి రావని ఇక్కడివారి నమ్మకం. చేప తిననివాళ్ళు ఇంగువా బెల్లమూ కలిపి ఉండచేసి మింగుతారు. రాంనగర్ చేపల మార్కెట్టు, బేగంబజార్ మార్కెట్టు తెల్లవారకముందే కిటకిటలాడిపోతాయి. ధర అడగడానికి కూడా సందుండదు. ఆ రోజుల్లోనే బత్తిని వారి చేప మందు. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెప్పేమాట. మొదట పాతబస్తీ దూద్‌బౌలిలో ఇచ్చేవారు, తరువాత జనం పెరిగి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మార్చారు. ఉబ్బసానికి మందని దేశం నలుమూలలనుంచీ వస్తారు. దానివల్ల జబ్బు నయమవుతుందని వైద్యశాస్త్రం ఒప్పుకోలేదు, ఆ వివాదం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. నేను చెప్పదలచింది వేరు. మందులో మింగించేది వేలెడు కొర్రమీను పిల్ల, అదీ ప్రాణంతో ఉన్నది. వేల చేపపిల్లలను నీళ్ళ తొట్లలో బతికించి ఊరి మధ్యకు తేగలుగుతున్నారంటే అది కొర్రమీను కాబట్టే సాధ్యమయింది.

ఇక రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు మొదటి లైను పడింది. 1889 నాటికి వరంగల్ మీదుగా బెజవాడ దాకా పట్టాలు వేశారు. పదిహేను రోజుల దారి ఒక రాత్రికి దిగివచ్చింది. కాని రైలొక్కటే చాలదు, ఐసు కూడా కావాలి. మద్రాసులో మెరీనా ఒడ్డున ఐస్‌హౌస్ అని గుండ్రటి భవనం ఉంది. తరువాత వివేకానందులవారు అక్కడ బస చేయడం వల్ల ఆ పేరుతో ప్రసిద్ధమయింది. దాన్ని 1842 ప్రాంతంలో కట్టింది ఐసు దాచడానికి. ఆ ఐసు ఎక్కడిదనుకున్నారు? అమెరికాలో బోస్టను దగ్గరి చెరువులు చలికాలంలో గడ్డకడితే కోసి, రంపపు పొట్టులో కప్పి, ఓడల్లో నెలల తరబడి మోసుకొచ్చినది. దొరల గ్లాసుల్లోకి తప్ప చేపల బుట్టల్లోకి రాని ఐసు అది. మిషనుతో ఐసు చేయడం వచ్చాకనే ఆ వ్యాపారం మూతపడి, ఐసు మామూలు జనం వాడే వస్తువు అయింది.

1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని కావడంతో కోస్తా జిల్లాల ఉద్యోగులు సంసారాలతో సహా దిగారు. మన అమీర్‌పేట, సంజీవరెడ్డినగర్, పంజాగుట్ట వైపు ఇళ్ళు కట్టుకున్నవాళ్ళలో అటువాళ్ళు చాలామంది. ఊరు మారినా నాలుక మారదు గదా. వంజరం కావాలి, చందువ కావాలి, కానాగంతలు కావాలి. 1974 ఫిబ్రవరి 1న వాల్తేరునుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలయింది. సాయంత్రం అక్కడ ఎక్కితే తెల్లవారేసరికి ఇక్కడ దిగడమే. ఇటువంటి రాత్రి బండ్ల పార్సిలు పెట్టెల్లోంచి ఐసునీళ్ళు కారుతూ దిగే బుట్టలను చూసినవాళ్ళకు ఆ వాసన ఇంకా గుర్తుంటుంది. సముద్రపు చేప పచ్చిగా ఈ ఊళ్లోకి అడుగుపెట్టిన దారి అది. అప్పటినుంచి 'తాజా' అనే మాటకు కొత్త అర్థం వచ్చింది. ప్రాణం ఉన్నది కాదు, చెడిపోనిది అని.

చెడిపోనిది అన్నచోటే మోసానికి సందు దొరుకుతుంది. ఇది కలికాలపు బుద్ధి అనుకోకండి. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో ఏథెన్సులో చేపల మీద నీళ్ళు చల్లకూడదని చట్టం ఉండేదట. పాతచేపను తడిపి కొత్తదిలా చూపిస్తున్నారని. క్సెనార్కస్ అనే హాస్యనాటక కర్త ఆ వర్తకుల తెలివి వర్ణించాడు. చేపలు ఎండిపోతున్నాయని చూసి వాళ్ళు కావాలని కొట్లాట పెట్టుకుంటారు. ఒకడు దెబ్బ తగిలినట్టు మూర్ఛపోయి చేపల మధ్య పడిపోతాడు. "నీళ్ళు, నీళ్ళు" అని కేకలు. ఇంకొకడు కుండెడు నీళ్ళు తెచ్చి పోస్తాడు. మనిషి మీద పడేది కాసిని, చేపల మీద పడేది అంతా! ఇప్పుడు మూర్ఛపోయే శ్రమ కూడా లేదు. 2018 జూలైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్రనుంచి వచ్చే చేపలను ఫార్మలిన్ అనుమానంతో కొన్నాళ్ళు ఆపేసింది. అదే నెలలో గోవా కూడా బయటినుంచి వచ్చే చేపలను రానివ్వలేదు. ఫార్మలిన్ అంటే ఆస్పత్రుల్లో శవాలు చెడకుండా వాడే మందు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవారు దాన్ని కనిపెట్టడానికి కాగితపు పరీక్ష తయారుచేశారు. అది మన చేతిలో ఉండదు కాబట్టి ముక్కునూ వేలునూ నమ్ముకోవడమే. వేలితో నొక్కితే గుంటపడి నిలిచిపోతే పాతది. కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి గాని లోపలికి పోయి తెల్లబడకూడదు. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా, తడిగా ఉండాలి. ఎంతసేపు చూసినా ఒక్క ఈగ వాలని చేప, చేప వాసనే లేకుండా చెక్కలా బిగుసుకున్న చేప వద్దు.

ఇంతకీ ఆంధ్రనుంచి అస్సాందాకా పోయే ఆ చేప ఏది? చాలావరకు కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో పెంచిన బొచ్చె, శీలావతి. 1970ల నుంచి కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు వరిచేలు చేపల చెరువులయ్యాయి. లారీల్లో పొరపొరకూ ఐసు నింపి హౌరాదాకా పంపుతారు. కలకత్తా వాళ్ళ పళ్ళెంలోకి వెళ్ళే చేపలో మన కృష్ణా, గోదావరి జిల్లాలది పెద్ద వాటా. కొల్లేటి సరస్సునే ఆక్రమించి తవ్విన చెరువులను 2006లో ప్రభుత్వం కొట్టివేయించింది కూడా. పుట్టింటి వైపు వెళ్ళినప్పుడల్లా, చిన్నప్పుడు పచ్చగా చూసిన పొలం నీళ్ళతో నిండి కనిపిస్తుంది. డబ్బు వచ్చింది, కాదనలేం. కొల్లేటి పిట్టలు, నాటు చేపలు తగ్గిపోయాయి, అదీ కాదనలేం. ఇవాళ మన సందు చివర బండమీద కోసి ఇచ్చే రోహులో చాలాభాగం ఆ లారీలమీద వచ్చిందే.

ఇక్కడ నా మనసుకు కష్టం కలిగించే సంగతి ఒకటుంది. మనకు రెండు మూడు కిలోమీటర్లలో అంత పెద్ద చెరువు పెట్టుకుని, మూడు నాలుగు వందల కిలోమీటర్ల అవతలి చేపను ఐసులో పెట్టి తెచ్చుకుంటున్నాం. హుస్సేన్ సాగర్ చేప తింటారా అని అడిగితే మీలో ఒక్కరైనా చేయి ఎత్తరు. కారణం అందరికీ తెలిసిందే. సనత్‌నగర్, బాలానగర్ వైపు కర్మాగారాల మురికీ, మన ఇళ్ళ మురికీ కలిసి కూకట్‌పల్లి నాలాలో పడి, బేగంపేట మీదుగా వచ్చి అందులో కలుస్తూ వచ్చాయి. ఎండాకాలం చేపలు తెల్లటి పొట్టలు పైకి తిప్పి తేలాయని పత్రికల్లో బొమ్మలు వస్తుంటాయి. శుద్ధి చేసే కేంద్రాలు కట్టారు, కోట్లు ఖర్చుపెట్టారు, కొంత నయమయిందంటారు. అయినా ఆ నీటి చేప కూర వండుకునే ధైర్యం రాలేదు. చెరువు పోవడమంటే పూడ్చివేయడమే కానక్కర్లేదు. చెరువు కళ్ళముందే ఉంటుంది, సాయంత్రం లైట్లు వేసి అందంగా ఉంటుంది, పిల్లలను తీసుకుపోయి పడవ ఎక్కిస్తాం. దాని చేప మాత్రం మన వంటింటికి పరాయిది అయిపోయింది.

ఒక తమాషా చూడండి. 2006లో కేంద్ర ప్రభుత్వం జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు పెట్టినప్పుడు దాని ఆఫీసు ఎక్కడ? మన అమీర్‌పేటలోనే, మైత్రీవిహార్‌లో. కంప్యూటరు చదువుల బోర్డుల మధ్య, దేశం మొత్తానికి చేపల బోర్డు! 2012లో రాజేంద్రనగర్ వైపు సొంత భవనం కట్టుకుని వెళ్ళిపోయారు. ఆ భవనం అచ్చు చేప ఆకారంలోనే ఉంటుంది. విమానాశ్రయం దారిలో పై వంతెన మీద పోయేటప్పుడు పిల్లలు వేలు చూపిస్తారు. మచ్లీ కమాన్ తరువాత మళ్ళీ ఈ ఊళ్లో చేపకు కట్టిన కట్టడం ఇదే అనుకుంటాను.

ఇక సముద్రం ఒడ్డుకు పోదాం. పిల్లలకు సెలవులివ్వగానే మనలో చాలామంది వెళ్ళేది వైజాగు, భీమిలి. రైలు దిగగానే మగవాళ్ళు అనే మొదటిమాట, "ఈ నాలుగు రోజులూ తాజా సముద్రపు చేపే" అని. కాని వేసవి సెలవులు ఎప్పుడు? ఏప్రిల్ చివరినుంచి జూన్ మొదటివారం దాకా. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఎప్పుడు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. చేపలు గుడ్లు పెట్టే కాలమని 2015 నుంచి ఇది 61 రోజులు చేశారు, అంతకుముందు ఇంకొంచెం తక్కువ ఉండేది. ఆ రెండు నెలలూ మరపడవలన్నీ విశాఖ హార్బరులో వరసగా లంగరు వేసి ఉంటాయి. అంటే మనం ఒడ్డుకు వెళ్ళేది, సరిగ్గా ఒడ్డున చేప లేని రోజుల్లో అన్నమాట. హోటల్లో పెట్టే వేపుడు గిడ్డంగిలో నెలలకొద్దీ గడ్డకట్టి ఉన్నదో, కొల్లేటి చెరువుదో అయి ఉంటుంది. వెయిటరు కుర్రాడు "పొద్దున్నే వచ్చిందండి" అంటాడు. పొద్దున్నే వచ్చిన మాట నిజమే, లారీలో!

గ్రీసు దేశంలో ఈ విషయంలో ఒక మంచి పద్ధతి ఉంది. అక్కడ హోటళ్ళలో గడ్డకట్టించిన చేప వడ్డిస్తే ఆ సంగతి పట్టికలో పేరు పక్కన గుర్తుపెట్టి చూపాలని నియమం. సముద్రం చుట్టూ ఉన్న దేశమైనా పెంపకపు చేపల్లో ఐరోపాలో ముందు వరస వాళ్ళదే. కాబట్టి ఇది సముద్రందా, పెంచిందా అని అక్కడా అడిగి తెలుసుకోవలసిందే. సముద్రం కనిపిస్తోంది కదా అని కళ్ళు మూసుకుని తినే వీలు ఏ దేశంలోనూ లేనట్టుంది. మన హోటళ్ళలో కూడా అలా గుర్తు పెడితే ఎంత బాగుండును.

అయితే నిషేధం రోజుల్లో తాజా చేప బొత్తిగా దొరకదని కాదు. యంత్రం లేని నాటు పడవలకు, తెప్పలకు నిషేధం వర్తించదు. తెల్లవారుజామున భీమిలి వైపు జాలరి పల్లెల దగ్గర ఇసకలో నిలబడితే, చిన్న చిన్న వలల్లో కవళ్ళు, కానాగంతలు తెచ్చి పోస్తారు. వంజరం అంత ఘనమైనవి కావు, కాని నీళ్ళలోంచి వచ్చి గంట కూడా కాలేదు. అక్కడ బేరం ఆడవాళ్ళదే. పడవ ఒడ్డుకు తగిలేదాకా మగవాళ్ళ పని, తగిలిన మరుక్షణం నుంచి లెక్క ఆడవాళ్ళ చేతిలో. వాళ్ళు పాడే పాటవేలం మనకు అర్థం కాదు, కాసేపు ఓపిగ్గా పక్కన నిలబడి, "అమ్మా, ఇంటికి పట్టుకెళ్ళడానికి నాలుగు ఇస్తావా" అని మర్యాదగా అడిగితే ఇస్తారు. బస చేసినచోట వండుకునే వీలుందా లేదా అన్నది మాత్రం ముందే చూసుకోండి. వీలుంటే సెలవులు మార్చి దసరాకో సంక్రాంతికో వెళ్ళడం ఇంకా మేలు. అప్పుడు మరపడవలు కూడా తిరుగుతుంటాయి.

మన ఊరి చేపలమ్మల మాట కూడా రెండు ముక్కలు చెప్పాలి. మా సందు మొగలో ఇద్దరు కూర్చుంటారు. రోడ్డు వెడల్పయిన తరువాత కూర్చునే చోటు మారింది, నెత్తిమీద ఇప్పుడు మెట్రో రైలు పోతుంది. 2017లో అది వచ్చాక ఎండ కాస్త తప్పిందని వాళ్ళు సంతోషించారు. చేతికి బూడిద రాసుకుని కొర్రమట్టను ఒడిసిపట్టడం, బండమీద పొలుసు గీకడం, తల వేరు తోక వేరు చేసి, జన ఉంటే విడిగా ఆకులో కట్టి ఇవ్వడం, చూస్తే అదొక విద్య. ఇప్పుడు మా మేడలో సగం మంది ఫోనులో చేప తెప్పించుకుంటున్నారు. శుభ్రంగా కడిగి, ముక్కలు కోసి, పెట్టెలో వస్తుంది. ఉద్యోగాలకు పోయే ఆడపిల్లలకు అదే సుఖం, నేను తప్పుపట్టను. కాని ముక్కలుగా వచ్చినదానికి కన్ను ఉండదు, మొప్ప ఉండదు. ఏ నీటిదో, ఎన్నాళ్ళదో చెప్పే గుర్తులన్నీ కోసినచోటే ఉండిపోతాయి. అడుగుదామంటే తెచ్చిన కుర్రవాడికి తెలియదు.

చేపలమ్మకైతే తెలుస్తుంది. 2016లో తెలంగాణలో ప్రభుత్వం ఊరి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదిలించడం మొదలుపెట్టింది. అంతకుముందే చెరువుల పూడిక తీయించారు. ఎండాకాలం నీళ్ళు తగ్గగానే సంఘంవాళ్ళు వలలు వేస్తారు, ఆ చేప పట్నానికి వస్తుంది. ఆ నెలల్లో "ఏ చెరువుదమ్మా" అని అడిగి చూడండి. మా చేపలమ్మ ఊరిపేరు చెప్పి, రాత్రి ఎన్నిగంటలకు వల లాగారో, తన తమ్ముడు ఏ ఆటోలో వేసి పంపాడో కూడా చెబుతుంది. అడగనివాళ్ళకు లారీ చేపను ఇచ్చి, అడిగినవాళ్ళకు తడిగోనె కింద దాచిన దాన్ని తీస్తుంది. "నువ్వు అడుగుతవని ఎరుకే బిడ్డా, అందుకే పక్కకు పెట్టిన" అంటుంది. అలా తీసినది చెరువు రోహు అయినా సరే, చింతపండు పులుసు పలచగా పెట్టి, మెంతిపొడి చిటికెడే వేసి, దించేముందు కొత్తిమీర చల్లండి. చేప తాజాదైతే మసాలా ఎంత తగ్గిస్తే అంత బాగుంటుంది. కొర్రమీనైతే అల్లం వెల్లుల్లి ఒక్క చెంచాకు మించనివ్వకండి. పొద్దున వండి సాయంత్రం తింటే ఇంకా రుచి అని మా అత్తగారు అనేవారు, ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం.

సెలవు.